180 రూపాయల స్టాప్‌వాచ్, దాని చివరి అంకె

ఈ స్టాప్‌వాచ్ కొనవచ్చు. బడిలో చేసే ప్రయోగాలకు ఇంతకు మించినది అక్కరలేదు. కాకపోతే కొన్న రోజే తెర మీద చివరి అంకె కనపడకుండా నల్ల ఇన్సులేషన్ టేపు ముక్క అతికించండి. ఎందుకో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను. ధర, రంగు, బటన్ల సంగతి నాలుగు మాటల్లో తేలిపోతుంది.

చంద్రగిరి వైపు ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో భౌతిక, రసాయన శాస్త్రాలు చెబుతాను. మా ప్రయోగశాల అంటే ఒక ఇనుప బీరువా, రెండు పొడవాటి బల్లలు, ఒక కొళాయి. బీరువాలో కీ ఇచ్చి తిప్పే పాతకాలపు ముల్లు స్టాప్‌వాచ్ ఒకటి ఉంది కానీ దాని స్ప్రింగు ఎప్పుడో పోయింది. పిల్లలను జట్లుగా విడగొట్టి ప్రయోగం చేయించాలంటే జట్టుకొకటి కావాలి. తిరుపతిలో ప్రయోగశాల సామాను అమ్మే చోట అడిగితే ధర గట్టిగానే చెప్పి, అది కూడా తెప్పించాలన్నారు. చివరకు తిలక్ రోడ్డు పక్కన ఒక ఆటవస్తువుల దుకాణంలో, గాజు అరలో విజిళ్ల పక్కన దొరికాయి.

"పరుగు పందేలకా మేడం?" అని అడిగారు దుకాణదారు. పోలీసు కానిస్టేబుల్ ఉద్యోగాల కోసం 1600 మీటర్ల పరుగు సాధన చేసే కుర్రాళ్లే వీటిని ఎక్కువగా కొంటారట. ప్రయోగాలకు అన్నాను. "అయితే ఇది తీసుకోండి, చదువుకున్నవాళ్లకు ఇదే బాగుంటుంది" అంటూ మెమరీ ఉన్న రకం తీసి చూపించారు. అది 1,200 రూపాయలు. మామూలుది 180. జట్లకు మామూలువి, నా దగ్గర ఉంచుకోవడానికి మెమరీది ఒకటి తీసుకున్నాను. రెండూ పేరున్న కంపెనీవి కావు. పెట్టె మీద ఉన్న పేరు, వాచ్ మీద ఉన్న పేరు కూడా ఒకటి కాదు. బిల్లు మాత్రం అడిగి రాయించుకోండి, లేకపోతే స్కూలు నిధుల లెక్కల దగ్గర తలనొప్పి.

ముందు మంచి గుణాలు. చేతిలో ఇమిడిపోతుంది, మెడలో వేసుకోవడానికి తాడు ఉంది. కుడి బటన్ నొక్కితే మొదలు, మళ్లీ నొక్కితే ఆగుతుంది. నొక్కినప్పుడు టక్కుమని వేలికి తెలుస్తుంది, పైగా కూత కూడా వస్తుంది. ఇది చిన్న విషయం కాదు. చూపు లోలకం (దారానికి కట్టి ఊపే గుండు) మీద పెట్టి, వాచ్ వైపు చూడకుండానే నొక్కగలగాలి. కాలం కొలవడంలో కూడా లోపం లేదు. ఇలాంటి వాటిలో సాధారణంగా ఉండేది సెకనుకు 32,768 సార్లు కంపించే క్వార్ట్జ్ స్ఫటికం, చేతి గడియారాల్లో ఉండే రకమే. సాయంత్రం ఫోనుతో పాటు నడిపించి మరునాటి ఉదయం చూస్తే సెకను తేడా కూడా లేదు. రాత్రంతా కలిపి అంతే అయితే, 40 సెకన్ల ప్రయోగంలో వాచ్ వల్ల వచ్చే దోషం గురించి ఆలోచించడమే అనవసరం.

దోషమంతా వేలిది. తెర మీద సెకనులో నూరో వంతు వరకు అంకెలు పరుగెడుతుంటాయి. 40.17 అని కనపడగానే పిల్లలు దానిని శిలాశాసనంలా రాసుకుంటారు. వాచ్‌కు కనీసపు కొలత 0.01 సెకను అని పరీక్షలో రాస్తే మార్కు వస్తుంది, నేనూ వేస్తాను. మరి దానిని నొక్కే వేలి కనీసపు కొలత ఎంత?

అది తేల్చడానికి 30 సెంటీమీటర్ల స్కేలు చాలు. ఒకరు స్కేలును నిలువుగా పట్టుకోవాలి, మరొకరు సున్న గీత దగ్గర వేళ్లు తెరిచి ఉంచాలి. చెప్పకుండా వదిలేస్తే ఎక్కడ పట్టుకున్నారో చూడాలి. మా 9వ తరగతి వాళ్లు ఎక్కువమంది 15 నుంచి 22 సెంటీమీటర్ల మధ్య పట్టుకుంటారు. స్వేచ్ఛాపతన సూత్రంలో వేస్తే అది సుమారు 0.18 నుంచి 0.21 సెకన్లు. ఒక కుర్రవాడు 9 సెంటీమీటర్ల దగ్గరే పట్టేసి తరగతంతా తిరిగాడు. స్కేలు వదలకముందే అంచనా వేసి వేళ్లు మూశాడని పక్కనున్న పిల్లలే తేల్చారు. ఆ రీడింగును కొట్టేయవద్దన్నాను. "ముందే మూశాడు" అని పక్కన రాయించాను. అంటే కన్ను చూసి వేలు కదిలేసరికి సెకనులో అయిదో వంతు గడిచిపోతుంది, తెర మీద మాత్రం నూరో వంతులు వెలుగుతుంటాయి.

పరుగు పందేల వాళ్లు ఈ సంగతి ఎప్పుడో ఒప్పుకున్నారు. అథ్లెటిక్స్ నిబంధనల ప్రకారం ట్రాక్ పరుగులో చేత్తో తీసిన కాలాన్ని నూరో వంతుల్లో ప్రకటించకూడదు, పై పదో వంతుకు పెంచి రాయాలి. 10.11 వస్తే 10.2 అన్నమాట. ఒకే పరుగుకు ముగ్గురు కాలం తీస్తే, ఇద్దరివి కలిసినప్పుడు ఆ కాలం, ముగ్గురివీ వేరైతే మధ్యది తీసుకుంటారు. ఇదే వాచ్ కొనే కుర్రాళ్ల ఆటకు అంత జాగ్రత్త ఉంటే, శాస్త్రం పేరు పెట్టుకున్న మన రికార్డు పుస్తకాల్లో లోలకం కాలం 2.0085 సెకన్లు అని నాలుగు దశాంశాలు వేస్తాం. టేపు ముక్క ఆలోచన అక్కడే వచ్చింది. చివరి అంకె మూసేస్తే పిల్లలకు కనపడేది పదో వంతు వరకే. అది కూడా ఎక్కువే, కానీ పరవాలేదు.

టేపు వేశాక పదో తరగతి అమ్మాయి ఒకతె అడిగింది: "మేడం, 40.19 ఉంటే మనకు 40.1 అని కనపడుతుంది కదా. 40.2 రాయాలి కదా?" నిజమే. టేపు అంకెను దాచగలదు గాని సవరించలేదు. ఒక పదో వంతు లోపల తేడాకు మన వేలి తేడాయే పెద్దదని చెప్పాను. తను పూర్తిగా ఒప్పుకోలేదు. ఒప్పుకోకపోవడమే నాకు నచ్చింది.

ఇక లఘులోలకం దగ్గరకు వద్దాం, ఈ వాచ్ అసలు పరీక్ష అదే. దారం పొడవు గుండు మధ్య బిందువు వరకు 100 సెంటీమీటర్లు. ఒక్క డోలనానికి, అంటే గుండు ఒకసారి వెళ్లి తిరిగి రావడానికి, కాలం తీయమంటే 1.8 నుంచి 2.2 వరకు ఏదైనా వస్తుంది. 2 సెకన్లలో 0.2 అంటే పదో వంతు దోషం. గురుత్వ త్వరణం లెక్కలో కాలాన్ని వర్గం చేస్తాం కాబట్టి అక్కడికి చేరేసరికి అది అయిదో వంతు అవుతుంది. 20 డోలనాలకు తీస్తే అదే 0.2 సెకను 40 సెకన్లలో కలిసిపోతుంది, త్వరణంలో దోషం నూటికి ఒకటికి దిగుతుంది. అదే వాచ్, అదే వేలు. మొదలుపెట్టేటప్పుడు, ఆపేటప్పుడు వేలు ఇంచుమించు ఒకేలా ఆలస్యం చేస్తుంది కాబట్టి అందులోనూ కొంత రద్దవుతుంది.

నొక్కడం గుండు చివరికి వెళ్లి ఆగే చోట కాదు, మధ్యస్థానం దాటేటప్పుడు. చివర్లో గుండు తాపీగా తిరుగుతుంది, ఎప్పుడు తిరిగిందో ఇద్దరికి రెండు రకాలుగా కనపడుతుంది. మధ్యలో వేగం ఎక్కువ కాబట్టి దాటిన క్షణం స్పష్టంగా తెలుస్తుంది. బల్ల మీద సుద్దతో గీత గీస్తే చాలు. ఫ్యాన్లు ఆపాలి. మార్చిలో తిరుపతి ఎండకు ఫ్యాను ఆపమంటే పిల్లలు నన్ను చూసే చూపు వేరు.

ఒక జట్టు పట్టికలో 20 డోలనాల కాలాలు ఇలా ఉన్నాయి: 40.2, 40.1, 38.2, 40.4, 40.1. అయిదింటినీ కలిపి సగటు తీస్తే 39.8 వస్తుంది. దానితో గురుత్వ త్వరణం 9.97. పుస్తకంలో 9.8 ఉంది కాబట్టి జట్టు నాయకుడు రబ్బరు తీశాడు. మూడో రీడింగు దగ్గర ఆగమన్నాను. మిగతా వాటికంటే సుమారు 2 సెకన్లు తక్కువ. ఒక డోలనం ఎంత? 2 సెకన్లే. అంటే వేలు కాదు, లెక్కపెట్టిన నోరు తప్పింది. వాచ్ నొక్కిన క్షణాన "సున్న" అనాల్సింది "ఒకటి" అని మొదలుపెట్టారు, 19 డోలనాలకే 20 అనేశారు. ఆ రీడింగు మీద ఒక్క గీత, అంకె చదవడానికి వీలుగా. పక్కన కారణం. మిగిలిన నాలుగింటి సగటు 40.2, ఆవర్తన కాలం (ఒక డోలనానికి పట్టేది) 2.01, గురుత్వ త్వరణం 9.77. తిరుపతి ఉన్న అక్షాంశం దగ్గర అసలు విలువ 9.78 చిల్లర. భూమధ్యరేఖకు దగ్గరగా ఉన్నాం కాబట్టి పుస్తకంలోని 9.8 కంటే కాస్త తక్కువే రావాలి. 180 రూపాయల వాచ్‌తో, దారంతో, ఇనుప గుండుతో ఇంత దగ్గరకు వచ్చిన పిల్లలు 9.8 కోసం రబ్బరు పట్టుకోవడం చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. "మేడం, తిరుమల కొండ మీద చేస్తే మారుతుందా?" అని అదే జట్టు అడిగింది. మారుతుంది. కానీ మూడో దశాంశం దగ్గర మారుతుంది, మన వేలికి అది అందదు.

అందుకే రాసే పని మీద నా పట్టింపు వాచ్ మీద కంటే ఎక్కువ. జట్టులో ఒకరు గుండు వదలాలి, ఒకరు లెక్కపెట్టాలి, ఒకరు నొక్కాలి, ఒకరు రాయాలి. రాసే వాళ్ల చేతిలో పెన్సిల్ ఉండకూడదు, పెన్నే. ఆగిన అంకెను నొక్కినవారు పైకి చదవాలి, రాసినవారు తిరిగి చదివి వినిపించాలి, ఆ తరువాతే సున్న చేయాలి. ఎంత రావాలో తెలిసినవారికి వాచ్ ఇవ్వకూడదు. తెలిసిన వేలు తెలిసిన చోటే ఆగుతుంది. పట్టికలో చివరి గడి "గమనిక" అని ఉండాలి. అచ్చు వేసిన రికార్డు పుస్తకాల్లో ఆ గడి ఉండదు. అందుకే ప్రయోగం మామూలు నోటు పుస్తకంలోనే రాయిస్తాను, రికార్డు తరువాతి సంగతి.

మెమరీ వాచ్ ఈ అలవాటుకే ఎసరు పెట్టింది. అది వరుసగా 30 కాలాలు దాచుకుంటుంది. దాచుకుంటుందని తెలిశాక ఎవరూ రాయరు. "అన్నీ అయ్యాక చూసి రాస్తాం మేడం" అన్నారు. ఏ కాలం ఏ పొడవుకు తీసిందో వాచ్‌కు తెలియదు కదా. పైగా ఎడమ బటన్ కాసేపు ఒత్తిపట్టుకుంటే మొత్తం ఖాళీ. ఒక జట్టు పీరియడంతా చేసిన పని అలా ఒక్క ఒత్తుకు పోయింది. దానికి పనికొచ్చే చోటు ఒకటి ఉంది. మైదానంలో ప్రతి 5 మీటర్లకు సున్నపు గీత గీసి, ఒకరిని నడిపించి, గీత దాటినప్పుడల్లా ల్యాప్ నొక్కితే దూరం-కాలం గ్రాఫుకు కావలసినవన్నీ ఒకేసారి దొరుకుతాయి. ఆ ఒక్క పాఠం కోసం 1,200 రూపాయలు నేనైతే మళ్లీ పెట్టను. చౌక వాచ్‌లో కూడా ల్యాప్ ఉంది. నొక్కితే అంకె తెర మీద నిలుస్తుంది, లోపల కాలం నడుస్తూనే ఉంటుంది, పక్కవారు గబగబా రాసుకోవచ్చు.

ఫోనులో స్టాప్‌వాచ్ ఉచితంగా ఉండగా ఇదెందుకు అంటారు సహోద్యోగులు. పిల్లల దగ్గర ఫోను ఉండకూడదు, నా ఫోను హాజరు యాప్‌కే సరిపోదు. గాజు తెర మీద వేలికి నొక్కిన స్పర్శ తెలియదు, చెమట చేయి అయితే అసలు పలకదు. ఫోను గెలిచే చోటు మాత్రం ఒకటి ఉంది. జర్మనీలోని ఆఖెన్ సాంకేతిక విశ్వవిద్యాలయం వాళ్లు 2016లో విడుదల చేసిన ఫైఫాక్స్ అనే ఉచిత యాప్‌లో శబ్దంతో నడిచే స్టాప్‌వాచ్ ఉంది. ఒక చప్పుడుకు మొదలై, తరువాతి చప్పుడుకు ఆగుతుంది. ఒకటిన్నర మీటరు ఎత్తు నుంచి గోళీ పడడానికి పట్టేది 0.55 సెకను. వేలితో కొలిస్తే దానిలో మూడో వంతు వేలి ఆలస్యమే ఉంటుంది. అంత ఎత్తున ఒక అంచు మీద స్కేలు ఉంచి, దాని మీద గోళీ పెట్టి, స్కేలును టక్కున కొట్టి తప్పిస్తే ఆ చప్పుడుకు యాప్ మొదలవుతుంది, గోళీ నేలను తాకిన చప్పుడుకు ఆగుతుంది. పని చేస్తుంది, కాకపోతే తరగతి నిశ్శబ్దంగా ఉండాలి. పక్క గదిలో ఎక్కాలు అప్పజెబుతుంటే యాప్ ఎక్కాలకే ఆగుతుంది. గెలీలియోకు యాప్ లేదు, స్టాప్‌వాచ్ కూడా లేదు. పతనం మరీ వేగంగా ఉందని గుండును వాలుబల్ల మీద దొర్లించి నెమ్మది చేశాడు, సన్నని గొట్టం నుంచి కారిన నీటిని తూచి కాలం లెక్కించాడు. వాచ్ చాలనప్పుడు ప్రయోగాన్నే నెమ్మది చేయవచ్చన్న మాట పిల్లలకు వాలుబల్ల దగ్గర బాగా ఎక్కుతుంది.

రసాయన శాస్త్రంలో పదో వంతు కూడా వద్దు. సోడియం థయోసల్ఫేట్ ద్రావణంలో హైడ్రోక్లోరిక్ ఆమ్లం పోస్తే గంధకం ఏర్పడి ద్రావణం పాలలా మారుతుంది. గాజు పాత్ర కింద కాగితం మీద గీసిన ఇంటూ గుర్తు మాయమయ్యేదాకా కాలం తీయాలి. మాయమైంది అని ఒకరంటే, ఇంకా కనపడుతోంది అని మరొకరంటారు. మధ్యలో సెకన్లకు సెకన్లే గడుస్తాయి. అన్ని ప్రయత్నాలకూ ఒకే కన్ను, పూర్తి సెకన్లు, అంతే. కిటికీలు తెరవండి, సల్ఫర్ డయాక్సైడ్ ఘాటు గొంతు పట్టేస్తుంది. ఇంకొకటి, గమనిక గడిలో ద్రావణం ఉష్ణోగ్రత తప్పనిసరి. ఉదయం చేసిన సెక్షనుకు, మధ్యాహ్నం చేసిన సెక్షనుకు కాలాలు పొంతన లేకుండా వచ్చాయి. గాఢత అదే, కొలతలు అవే. తేడా మేడ మీది ట్యాంకు నీళ్లది. మధ్యాహ్నానికి ఆ నీళ్లు చేయి పెట్టలేనంతగా కాగుతాయి, ఉష్ణోగ్రత పెరిగితే చర్య వేగం పెరుగుతుంది. థర్మామీటరు అంకె రాసి ఉన్న జట్టు కారణం చెప్పగలిగింది. రాయని జట్టు వాచ్ చెడిపోయిందంది.

వాచ్ లోపాలు చెప్పకపోతే అన్యాయం. ఎడమ బటన్ ఒక్కటే ల్యాప్‌కూ, సున్న చేయడానికీ. నడుస్తుండగా నొక్కితే ల్యాప్, ఆగాక నొక్కితే అంకె గల్లంతు. కంగారులో పిల్లలు ఆ రెండోది ఎన్నిసార్లు చేశారో వాళ్లకే తెలియాలి. నేను ఎడమ బటన్ మీద ఎర్ర గోళ్లరంగు చుక్క పెట్టాను, కొంత తగ్గింది. తెర వాలుగా చూస్తే అంకె వెలిసిపోయినట్టు ఉంటుంది, ఎండలో మైదానంలో నీడ పట్టి చదవాలి. వెనుక మర చాలా చిన్నది, కళ్లజోడు బాగు చేసేవాళ్ల స్క్రూడ్రైవరు కావాలి. వీటిలో ఒకటి మొదటి నెలలోనే ఆగిపోతే దుకాణదారు మాట్లాడకుండా మార్చి ఇచ్చారు.

అన్నిటికంటే చిరాకు గంటగంటకూ కూసే ఏర్పాటు. మధ్య బటన్ నొక్కుతూ గడియారం తెరకు వెళ్లి దానిని ఆపేయాలి, లేదంటే బీరువాలోని వాచ్‌లన్నీ తలా కొన్ని సెకన్ల తేడాతో కూస్తాయి. సమ్మెటివ్ పరీక్ష జరుగుతుండగా బీరువాలోంచి ఒకదాని తరువాత ఒకటి కూయడం మొదలుపెడితే, పరీక్ష రాసేవాళ్లంతా ఎవరి దగ్గర ఫోను ఉందా అని ఒకరినొకరు చూసుకున్నారు. బ్యాటరీ ఎల్‌ఆర్44 బిళ్ల. గాంధీ రోడ్డులో గడియారాలు బాగు చేసే ఎవరి దగ్గరైనా దొరుకుతుంది. వేసవి సెలవులకు ముందు బిళ్లలన్నీ తీసి విడిగా పెట్టండి, లోపల కారితే రాగి పలక తుప్పు పట్టి వాచ్ మళ్లీ లేవదు. జూన్‌లో బిళ్ల వేసేటప్పుడు టేపు కూడా మార్చాలి, ఎండకు జిగురు కరిగి పక్క అంకె మీదికి పాకుతుంది.